పైడమ్మ సవరం

గవరమ్మ ఇంట్లో తెలివికి లోటు లేదు. ఆ మాట ఊళ్ళో ఎవరూ అనలేదు గానీ, ఆ ఇంట్లో వాళ్ళు మాత్రం రోజూ అనుకునేవాళ్ళు. "మనకి ఒక మాట చెబితే చాలు, చెప్పింది చెప్పినట్టు చేస్తాం. మిగతావాళ్ళకి ఆ బుర్ర ఏదీ?" అనేది గవరమ్మ. కొడుకు సింహాద్రి తలూపేవాడు. కోడలు పైడమ్మ కూడా జడ ఊగేలా తలూపేది.

ఈమధ్య ఊపడం మానేసింది. విషజ్వరం తగ్గుతూ తగ్గుతూ ఆమె జుట్టంతా పట్టుకుపోయింది. మిగిలింది ఎలకతోకంత. అవతల తమ్ముడు అప్పలరాజు పెళ్ళి దగ్గరపడింది. ఆడపడుచు హోదాలో అందరి ముందూ నిలబడాల్సిన మనిషి! పెళ్ళికూతురి జడ మోకాళ్ళు దాటుతుందట. పైడమ్మకి అన్నం సయించలేదు.

"సవరం కొందామే" అన్నాడు సింహాద్రి. అంతే, ఇంటికి గొళ్ళెం పెట్టి అందరూ సంతకి నడిచారు.

సవరాలమ్మే ముసలమ్మ కర్రకి రకరకాల సవరాలు వేలాడదీసి కూర్చుంది. "బరువైంది కడితే ఉన్న జుట్టు కూడా ఊడుతుందమ్మా. తేలికది చూసుకో. రంగు నీ జుట్టులో కలిసిపోవాలి" అంది.

ఇంకేముంది, సింహాద్రి ఒక్కో సవరాన్నీ అరచేతిలో పెట్టుకుని ఉఫ్‌మని ఊదాడు. ఒకటి ఎగిరి పక్కామె మజ్జిగ కుండలో పడింది. "ఇదే తేలికది!" అని అరిచాడు.

పైడమ్మ దాన్ని పిండి తలకి ఆనించుకుంది. "కలిసిపోయిందా, మావా?"

"కలిసిపోయిందే! అమ్మా, చూసి చెప్పు. ఇందులో సవరం ఏది, పైడి ఏది?"

గవరమ్మ అటూ ఇటూ తిరిగి చూసి, "మజ్జిగ కారుతున్నది సవరం" అని తేల్చింది. కొడుకు ఆ తెలివికి పొంగిపోయాడు.

ముసలమ్మ నవ్వాపుకుని, "ఇది పెట్టుకున్నట్టు ఎవరికీ తెలీకూడదు, అందులోనే ఉంది అందం. పసిబిడ్డలా చూసుకో. నూనె రాయి, నలపకుండా స్నానం చేయించు, నీడన ఆరబెట్టు" అని చెప్పి పంపింది.

ఇల్లు చేరగానే గవరమ్మ వీధిలో పడింది. గడప గడపకీ వెళ్ళి, "మా కోడలికి సవరం కొన్నట్టు మీకు తెలీదు కదా?" అని అడిగింది. తెలీదన్నారు అందరూ. "హమ్మయ్య! తెలిస్తే అందం పోతుందట" అని స్థిమితపడి ఇంటికొచ్చింది.

వచ్చి బిడ్డ పని మొదలెట్టింది. కాళ్ళు బారచాపి, సవరాన్ని కాళ్ళ మీద పడుకోబెట్టి నూనె రాసింది. సున్నిపిండి పెట్టి నీళ్ళు పోసింది. సాంబ్రాణి పొగ వేసి, దిష్టి తగలకుండా కాటుక చుక్క పెట్టింది. చుక్క నలుపులో నలుపై కనబడలేదు. "ఎంత పెట్టినా తాగేస్తోందే!" అని కాటుక డబ్బా అంతా పూసింది. సింహాద్రి పాత చీరతో ఉయ్యాల కట్టాడు. పైడమ్మ ఉగ్గుగిన్నెతో పాలు పోసింది. పాలు కిందికి కారిపోయాయి.

"కక్కుతోందత్తా!"

"కొత్త చోటు కదే, అలవాటు పడాలి."

పాలకి చీమలొచ్చాయి. చీమలకి పొగ పెడితే ఒక కొస కమిలింది. అది చూసి పైడమ్మ కంటికీ మంటికీ ఏకధారగా ఏడ్చింది. ఆ ఏడుపు విని పక్కింటి రాములమ్మ వచ్చి, ఉయ్యాలలోకి తొంగి చూసి, నవ్వుతూ అంది: "పాపకి ఇంత జుట్టేటే! ఇంకా పుట్టువెంట్రుకలు తీయించలేదా?"

అంతే. ముగ్గురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఈ మాట తమకెందుకు తట్టలేదు?

పుట్టువెంట్రుకలకి మేనమామ ఒడి కావాలి కదా, అప్పలరాజుకి కబురెళ్ళింది. పెళ్ళిపనులన్నీ వదిలేసి పరిగెత్తుకొచ్చాడు. "నన్నెప్పుడు మేనమామని చేశావప్పా? చెప్పనే లేదు!" అని మురిసిపోయి, సవరానికి చిన్న గౌను కూడా తెచ్చాడు.

కొండ మీది గుడి దగ్గర మంగలి కత్తి నూరుకుంటూ, "పిల్ల ఏదమ్మా?" అన్నాడు. అప్పలరాజు ఒళ్ళో గౌను విప్పి చూపించాడు.

మంగలి కత్తి కింద పెట్టాడు. "దీనికేం గొరగను?"

"జుట్టు" అన్నాడు సింహాద్రి.

"అంతా జుట్టే కదయ్యా!"

"అయితే అంతా తియ్యి. దేవుడి దగ్గర మేం అరకొర పనులు చెయ్యం."

మంగలి దేవుడికి ఒక దణ్ణం పెట్టి కానిచ్చాడు. చివరికి ఒళ్ళో మిగిలింది నల్ల దారపు ముడి. గవరమ్మ దానికి చల్లగా గంధం పూసింది. పైడమ్మ మాత్రం తన ఎలకతోక జడ తడుముకుంది.

"అత్తా, ఎల్లుండే పెళ్ళి. ఈలోగా పెరుగుతుందంటావా?"

"పుట్టువెంట్రుకలు తీస్తే ఒత్తుగా వస్తుందే, పిచ్చిదానా!"

పైడమ్మ మనసు కుదుటపడింది.

పెళ్ళినాడు ఆ గంధపు ముడిని ఎలకతోక జడ చివర కట్టుకుని, తల పైకెత్తి పందిట్లోకి నడిచింది. పెళ్ళికూతురి మేనత్త ఆగి, "అదేటమ్మా జడకి?" అంది.

"మా సవరం. మొన్ననే గుండు చేయించాం. దీవించండి."

ఆవిడ నాలుగక్షింతలు వేసింది. సన్నాయి మొదలైంది. పెళ్ళివారు ఎండలో ఊరేగింపుగా బయలుదేరారు. పైడమ్మ నెత్తి మాడిపోతూ, చెమటలు కక్కుకుంటూ ముందు నడుస్తోంది. వెనకాల సింహాద్రి నడుం వంచి, లేతగుండుకి ఎండ తగలకుండా జడ చివర గొడుగు పట్టుకుని నడిచాడు.