గవ్వ మోసిన మొదటి బరువు

మన్యంలో ఓ కొండవాలున సుక్రు పాక ఉండేది. ఆ పాక వాకిట్లో పుల్లడనే ముసలెద్దు, చెవి చిరిగిన చింకి మేక, లోకాన్నంతా తిట్టుకుంటూ గుడ్లు పొదిగే గంపమ్మ కోడి కాపురం చేసేవి. వాళ్ళ మధ్య తగవులకి లోటు లేదు గానీ కొత్త ముచ్చటంటూ ఉండేది కాదు. అలాంటి వాకిట్లోకి ఓ సంత రోజున సుక్రు చిన్న గుర్రప్పిల్లని తోలుకొచ్చాడు.

నాలుగు కర్రలకి ఓ పొట్ట కట్టినట్టుంది పిల్ల. నుదుటి మీద గవ్వంత తెల్లమచ్చ. అందుకే సుక్రు దాన్ని గవ్వ అన్నాడు. అది నాలుగడుగులు వేసి, తూలి, తిన్నగా వెళ్ళి పుల్లడి కుడితి తొట్టిలో మూతి ముంచి పడింది.

"ఇదేం జంతువే?" అంది గంపమ్మ.

"కొమ్ములు మొలవని దూడ," అంది చింకి.

"దూడకి చీపురుకట్ట తోకేమిటి?"

"గుర్రం," అన్నాడు పుల్లడు, తొట్టి దగ్గర నుంచి కాస్త పక్కకి జరిగి చోటిస్తూ. "పెద్దదయ్యాక పసుపు బస్తాలు సంతకి మోస్తుంది."

"ఇదా మోసేది? ముందు దీన్ని మోసేవాళ్ళెవరో చూడండి!" అంది గంపమ్మ. అందరూ నవ్వారు. కుడితి కారుతున్న మూతితో గవ్వ కూడా నవ్వింది.

ఆ రోజు నుంచి గవ్వని పెంచడం వాకిట్లో అందరి పనీ అయింది. చింకి దానికి పాక మీదికి పాకిన గుమ్మడి తీగ ఎలా లాగాలో నేర్పింది. సుక్రు ఇద్దర్నీ తరిమాడు. గంపమ్మ దుమ్ములో పొర్లి స్నానం చేయడం నేర్పింది. గవ్వ ఒక్కసారి పొర్లేసరికి వాకిలంతా దుమ్ము లేచి, గంపమ్మకి తన పిల్లలేవో పక్కింటి పిల్లలేవో తెలియలేదు.

పుల్లడు మాత్రం నడక నేర్పాడు. "వాలులో దిగేటప్పుడు తొందర పడకు పిల్లా. ముందు కాలు రాయిని అడగాలి, నువ్వు కదులుతావా అని. అది కదలనంటేనే వెనక కాలు తేవాలి."

"రాయి అబద్ధం చెప్తే?"

"రాళ్ళు చెప్పవు. అదంతా మనలాంటివాళ్ళ పని."

వానాకాలానికి గవ్వ పుల్లడి మోకాలు దాటింది. చలికాలానికి రొమ్ముదాకా వచ్చింది. మరుసటేడు మామిడి పూత నాటికి మెడెత్తితే పుల్లడి కొమ్ములకి అందేది. ఒకప్పుడు పుల్లడి నీడలో నిద్రపోయిన పిల్ల, ఇప్పుడు ఎండ వేళ తన నీడ పుల్లడి మీద పరిచి నిలబడేది. పుల్లడు పైకి ఏమీ అనేవాడు కాదు. ఎవరూ చూడనప్పుడు దాన్ని తేరిపార చూసి, తనే ఈని పెంచినంత పొంగిపోయేవాడు.

ఇదంతా నచ్చనివాడు ఒకడున్నాడు. అతగాడు తుప్పల్లో ఉండే నక్క. గవ్వ రాకముందు నెలకో కోడి నక్క బొజ్జలోకి నడిచి వెళ్ళేది. గుర్రమన్నది నిలబడే నిద్రపోతుంది, ఒక చెవి ఎప్పుడూ కాపలా ఉంటుంది. ఆకు కదిలితే చాలు, గవ్వ సకిలించేది. సుక్రు కర్ర పట్టుకుని బయటికొచ్చేవాడు. నక్క పొట్ట వీపుకి అంటుకుపోయింది.

ఓ మధ్యాహ్నం పుల్లడు వాలులో మేస్తుంటే నక్క వచ్చి ఎదురుగా కూర్చుని, పెద్దగా నిట్టూర్చింది.

"ఏం నక్కబావా, ఆకలా?"

"నా ఆకలికేం బావా, నీ గతి తలుచుకుంటే కన్నీళ్ళాగడం లేదు."

"ఎద్దు పుండు కాకికి ముద్దని విన్నాను గానీ, నక్కకి కూడా అని వినలేదే."

"ఎగతాళి చేయ్! గుర్రం బరువు మోయడం మొదలెట్టిన మర్నాడు ముసలెద్దుతో సుక్రుకేం పని? సంతకి తోలుకెళ్తాడు. తెచ్చుకోడానికి కాదు, అమ్ముకోడానికి."

పుల్లడి నోట్లో గడ్డి నోట్లోనే ఆగింది. నక్క దగ్గరికి జరిగింది.

"ఒక్క మాట చాలు. బస్తా వేయగానే కూర్చోవాలి, అది గుర్రాల మర్యాద అని చెప్పు. నువ్వు చెప్తే అది నమ్ముతుంది. అది సంతకి పోతుంది, నువ్వుంటావు."

పుల్లడికి మూడు రోజులు నెమరు రాలేదు. నాలుగోరోజు నేల చూస్తూ గవ్వకి ఆ మాట చెప్పేశాడు.

మర్నాడు సుక్రు మొదటిసారి గవ్వ వీపు మీద రెండు పసుపు బస్తాలు వేశాడు. గవ్వ హుందాగా, ముందుకాళ్ళు మడిచి, వెనకకాళ్ళు మడిచి, పెళ్ళిపీటల మీద కూర్చున్నట్టు కూర్చుంది. సుక్రు లేపాడు. మళ్ళీ కూర్చుంది. బతిమాలాడు, బెల్లం పెట్టాడు. కూర్చునే బెల్లం తింది.

"గుర్రం గుడ్డిదైనా దాణాకి తక్కువ లేదని ఊరికే అన్నారా!" అని అరిచాడు సుక్రు. "వచ్చే సంతకి నిన్ను అమ్మేస్తాను!" బస్తాలు దించి, భార్యతో కలిసి బట్టలుతకడానికి వాగు దగ్గరికి పోయాడు.

గవ్వ మెరిసే కళ్ళతో పుల్లడి వైపు తిరిగింది. "మావా, బాగా కూర్చున్నానా?"

అంతే. పుల్లడు ఇక దాచలేకపోయాడు. అడుసు తొక్కాక కాలు కడగక తప్పుతుందా? భయపడ్డానన్నాడు, నక్క మాట విన్నానన్నాడు, తల నేలకానించి ఉన్నదంతా కక్కేశాడు.

గంపమ్మ తిట్లకి లంకించుకోబోయింది. గవ్వ ఆపింది.

"నా మెడకి నాగలి కాడి ఆగుతుందా మావా? జారి తోకదాకా పోదూ? మరి పొలం ఎవరు దున్నుతారనుకున్నావు?"

పుల్లడు తెల్లబోయాడు. అంత చిన్న సంగతి మూడు రోజులు ఆలోచించినా తనకి తట్టలేదు.

"ఇప్పుడు నువ్వు వెళ్ళి నక్కకి జరిగింది చెప్పు."

"నాకు అబద్ధం చెప్పడం రాదే."

"అబద్ధం ఎందుకు? నిజమే చెప్పు. దానికి కావలసిన అబద్ధం అదే కలుపుకుంటుంది."

నక్కల భయానికి సుక్రు కోళ్ళగూడు ఇదివరకే ఎత్తుగా గోడకి కట్టాడు. దాని కిందే పసుపు బస్తాలుండేవి. గవ్వ వెళ్ళి ఆ బస్తాల పక్కన కూర్చుంది. చింకి ఖాళీ గోనెలు పళ్ళతో లాక్కొచ్చి తలా తోకా కనబడకుండా కప్పి, పైన తాడు చుట్టేసింది. వాకిలంతా ఉడికిన పసుపు ఘాటు. అందులో గుర్రం వాసన ఎవరికీ తెలియదు.

"అంటే ఎర నేనా?" అంది గంపమ్మ. "బతికి బయటపడితే మీ అందరి సంగతీ చెప్తాను."

పుల్లడు తుప్పల దాకా నడిచాడు.

"ఏమైంది బావా?" అంది నక్క.

"బస్తాలేస్తే కూర్చుంది."

"ఆహా! సుక్రు?"

"సంతలో అమ్మేస్తానన్నాడు."

"ఇప్పుడు సుక్రు ఎక్కడ?"

"భార్యతో వాగు దగ్గర."

"గుర్రం?"

"ఇంకా లేవలేదు."

"బెంగపడి పడుకుందన్నమాట!" నక్క మిగతాది వినలేదు. పొద్దు వాలుతుండగా తోక ఊపుకుంటూ వాకిట్లోకి వచ్చింది. గూట్లో గంపమ్మ వణికింది. నక్క ఆ ఎత్తు చూసింది, గోనెల గుట్ట చూసింది, ఒక్క గెంతున దాని మీదికెక్కి గూటి తలుపు మీద కాలు వేసింది.

గుట్ట లేచి నిలబడింది.

నక్క కాలు తాట్లో ఇరుక్కుంది. దిగుదామంటే వీలు లేదు, గవ్వ అప్పటికే వాకిలి దాటింది. పేటలోని కుక్కలన్నీ వెంటపడ్డాయి. బస్తా పేరెత్తితే చతికిలబడ్డ పిల్ల వాలులో ఎలా దిగిందనుకున్నారు! ముందు కాలు రాయిని అడగడం, వెనక కాలు రావడం, కంటికి కనబడనంత వేగంగా. వాకిట్లో నిలబడి చూస్తున్న పుల్లడి కళ్ళు చెమర్చాయి.

"అమ్మా తల్లీ, ఆపు! మీ మావకి నేను ప్రాణ స్నేహితుణ్ణి!" అని అరిచింది నక్క.

"ప్రాణం మీదికి తెచ్చిన స్నేహితుడివి!" అంది గవ్వ. వాగు ఒడ్డుకి చేరి, ఒక్కసారి ముందుకాళ్ళు నేలకి తన్నిపట్టి ఆగింది. తాడు తెగింది. నక్క గాల్లో తేలి, సుక్రు దంపతుల నెత్తి మీదుగా వెళ్ళి వాగు మధ్యలో పడింది. అక్కణ్ణుంచి అవతలి ఒడ్డు ఎక్కి, అటే పోయింది.

సుక్రు నోరు తెరుచుకుని నిలబడ్డాడు. "ఓసి గవ్వా! పసుపు బస్తాకి చతికిలబడి, నక్కని ఇంత దూరం మోశావా?" అని దాని మెడ నిమిరాడు. ఎగుడు దార్లో తడి బట్టల మూట దాని మీదే వేశాడు. గవ్వ కూర్చోలేదు. సంతకి అమ్మే మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. తొలకరికి పుల్లడు నాగలికి, సంతకి గవ్వ, ఎవరి పని వాళ్ళది.

అవతలి కొండ మీద నక్క, తాను గుర్రమెక్కి ఊరేగానని ఈనాటికీ తోటి నక్కలకి చెప్పుకుంటుందట. దూరాన డెక్కల చప్పుడైతే మాత్రం కథ మధ్యలో ఆపి బొరియలో దూరుతుందట.

కొత్తగా వచ్చినవాళ్ళు నీ గడ్డి తినేస్తారని చెవి కొరికేవాడి కన్ను నీ గడ్డి మీద ఉండదు, నీ కోళ్ళగూటి మీద ఉంటుంది.