ప్రెస్సు కళ్ళకి పెట్టిన బొట్టు

ఈ సంగతి నాకు మొదట చెప్పింది క్యాంటీన్ బంగారమ్మ. ఆ రోజు టీ క్యాను పట్టుకుని ప్రెస్సు పక్కన నిలబడ్డది ఆవిడొక్కతే. మాస్టారు శిష్యుణ్ణి చెంపమీద కొట్టారని యూనియన్ సన్యాసిరావు ఊరంతా చెప్పుకు తిరిగాడు. అక్కడ లేనివాడికి అన్నీ తెలుసు. మాస్టారు కొట్టలేదు. కొట్టి ఉంటే ఆ శిష్యుడు త్రినాథ్‌కి తేలిగ్గా ఉండేది.

గాజువాక అవతల స్టీలు పళ్ళాలు చేసే ఫ్యాక్టరీ అది. ఏ మిషన్ ఎప్పుడు కదలాలో, ఎప్పుడు ఆగాలో పి.ఎల్.సి. అనే డబ్బాలో ప్రోగ్రాం రాసి పెడతారు. ఆ పని అక్కడ మొదలుపెట్టింది సోమునాయుడు మాస్టారు. త్రినాథ్‌కి ఆ విద్య ఆయన దగ్గరే వచ్చింది.

నేర్పేటప్పుడు ఆయన పెట్టిన షరతు ఒకటే. "కంప్యూటరు తెరమీద ఏం కనబడినా సరే, ముందు మిషన్ దగ్గరికి పోయి నిలబడు. ఆ తర్వాతే ప్రోగ్రాంలో వేలు పెట్టు."

మాస్టారు రిటైరయ్యారు. షరతు కూడా ఆయనతోనే వెళ్ళిపోయింది. త్రినాథ్ ఏసీ గదిలో కూర్చునే మిషన్లు బాగుచేసేవాడు. కుర్చీ కదలకుండా చేస్తాడని పేరు కూడా వచ్చింది. ఆ పేరు వాడికి బాగా నచ్చింది.

దసరాకి మిషన్లకి పూజ చేస్తారు కదా. స్టీలు రేకుని అచ్చులో నొక్కి పళ్ళెం చేసే పెద్ద ప్రెస్సు నడిపే పైడయ్యకి తన మిషనంటే ప్రాణం. కడిగి, తుడిచి, బంతిపూల దండ వేశాడు. ఆ ప్రెస్సు ముందు రెండు స్తంభాలుంటాయి. వాటి మధ్య కంటికి కనబడని వెలుగు పారుతూ ఉంటుంది. ఆ వెలుగుకి చెయ్యి అడ్డమొస్తే ప్రెస్సు కిందికి దిగదు. స్తంభాలకున్న గాజు బిళ్ళల్ని పైడయ్య మిషన్ కళ్ళు అనేవాడు. తడి కుంకం కలిపి, ఆ కళ్ళకి కూడా బొట్టు పెట్టాడు.

పండగ మర్నాడు ప్రెస్సు కదల్లేదు.

"బాబూ, ఇది మొరాయిస్తంది. ఒక్కపాలి వచ్చి సూడు," అని పైడయ్య ఫోన్ చేశాడు.

"నేను రావడమెందుకు? పెడల్ మీద కాలుంచు, చాలు."

త్రినాథ్ తెర చూశాడు. ఏదో చెయ్యి అడ్డం ఉన్నట్టు ఎర్రగా చూపిస్తోంది. ఆ గాజు కళ్ళ సెన్సారు పాడైందనుకున్నాడు. అది ఏం చెప్పినా సరే, అడ్డం ఏమీ లేదని తనే ప్రోగ్రాంలో పెట్టేశాడు. ఎరుపు పచ్చగా మారింది. ప్రెస్సు దిగింది.

"బాబు కూకున్న సోటునుంచి లేవకుండా మిషన్ని లేపేశాడర్రా!" అని మిషన్ల దగ్గర కేక వేశారు. కొందరు చప్పట్లు కొట్టారు. సెన్సారు సంగతి తర్వాత చూద్దాంలే అనుకున్నాడు త్రినాథ్. మళ్ళీ చూడలేదు.

కొన్నాళ్ళకి అచ్చులో ఒక పళ్ళెం ఇరుక్కుంది. కళ్ళు కాపలా ఉన్నాయనే ధైర్యంతో పైడయ్య ఎప్పట్లాగే చెయ్యి పెట్టి లాగబోయాడు. కాలు జారి పెడల్ మీద పడింది.

వేళ్ళు పోయాయి. బొటనవేలు మిగిలింది.

గేటు దగ్గరి బోర్డు మీద మేనేజరు రాయించాడు, 'ఆపరేటర్ అజాగ్రత్త వల్ల ప్రమాదం' అని. ఆ ఒక్క మాటతో పైడయ్యకి పని లేదు, కంపెనీ ఆసరా లేదు. ప్రోగ్రాంలో తప్పేమీ లేదని మేనేజరుకి మాట ఇచ్చింది త్రినాథే.

ఇచ్చాక అన్నం సహించలేదు. మాస్టారి ఇంటికి వెళ్ళాడు.

"లైను లైనూ చూశాను మాస్టారూ. నేను రాసినదాంట్లో తప్పు లేదు. మీరొక్కరు ఆ మాట అంటే నాకు చాలు."

మాస్టారు చొక్కా తొడుక్కున్నారు. "పద," అన్నారు.

ప్రమాదం జరిగినప్పట్నుంచి ఆ ప్రెస్సు దగ్గరికి ఎవరూ పోలేదు. దండ ఎండిపోయి వేలాడుతోంది. మాస్టారు వంగి గాజు బిళ్ళల్ని చూశారు. బంగారమ్మ దగ్గర నీళ్ళు అడిగి, తువ్వాలు కొస తడిపి తుడిచారు. తువ్వాలు ఎర్రబడింది. దాన్ని శిష్యుడి చేతిలో పెట్టారు.

త్రినాథ్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. మొహం వెలిగింది. "అయితే ఇది పైడయ్య పనే మాస్టారూ! కళ్ళు మూసింది వాడే!"

"బొట్టు పెట్టాడు. మిషన్ ఆగిపోయింది. తర్వాత?"



మాస్టారు కరెంటు వేయించారు. చొక్కా చెయ్యి పైకి మడిచి, కుడిచెయ్యి అచ్చు మీద పెట్టారు.

"తొక్కు."

"మాస్టారూ! తియ్యండి!"

"తప్పు లేదన్నావుగా."

"ముందు చెయ్యి తియ్యండి, మీకు దణ్ణం పెడతాను!"

"నీ తెర చూసి చెప్పు. నా చెయ్యి కనిపిస్తోందా?"

త్రినాథ్ వెంట తెచ్చిన లాప్‌టాప్ పక్కనే తెరిచి ఉంది. తెర పచ్చగా ఉంది. అడ్డం ఏమీ లేదు అంటోంది.

"కనిపించడం లేదు," అన్నాడు త్రినాథ్. 

వాడు లాప్‌టాప్ ముందు మోకాళ్ళ మీద కూర్చుని, దసరా మర్నాడు తను ప్రోగ్రాంలో పెట్టిన 'అడ్డం లేదు' అనే మాట తీసేశాడు. తెర ఎర్రబడింది. స్తంభం మీద ఎర్రదీపం వెలిగింది.

మాస్టారు చెయ్యి తీశారు. దీపం ఆరింది.  పెడల్ దగ్గరికి పోయి నిలబడ్డారు.

త్రినాథ్‌కి అర్థమైంది. లేచి వెళ్ళి తన చెయ్యి అచ్చు మీద పెట్టాడు, సరిగ్గా పైడయ్య పెట్టిన చోట. దీపం మళ్ళీ వెలిగింది. మాస్టారు పెడల్ తొక్కారు.

ప్రెస్సు దిగలేదు.

మాస్టారు కాలు తీశాక కూడా త్రినాథ్ చెయ్యి తియ్యలేదు. క్యానులో టీ చల్లారిపోయిందట. ఆయనే వచ్చి వాడి మణికట్టు పట్టుకుని బయటికి తీశారు.

"ఎవరికి చెప్పాలో వాళ్ళకి చెప్పు," అన్నారు.

ఆ పూటే త్రినాథ్ మేనేజరుకి ఉన్నదున్నట్టు చెప్పాడు. మేనేజరు అంతా విన్నాడు. "బోర్డు రంగు ఎప్పుడో ఆరిపోయింది కదయ్యా," అన్నాడు. త్రినాథ్ ఇంకా నిలబడే ఉన్నాడు. మేనేజరు ఫోన్ తీసుకుని వేరెవరితోనో మాట్లాడటం మొదలుపెట్టాడు.

మాస్టారు పోయారు. బంగారమ్మా పోయింది. మేనేజరు మారాడు. బోర్డు మాత్రం అలాగే ఉంది. ఏటా దసరాకి దానికీ పసుపు రాసి బొట్టు పెడుతున్నారు. ఆ గేటులోపలికి పోగలిగినవాళ్ళు ఇది చదివితే, ఒక రంగు డబ్బా పట్టుకెళ్ళి ఆ మాట చెరిపించండి. పైడయ్య బతికి ఉండగానే చెరిపించండి. ఆ చోట ఎవరి పేరు రాయాలో త్రినాథ్‌నే అడగండి. చెప్తాడు.