వంతెన మీద తీర్పు

ఒకానొక రాజ్యంలో ఉద్దండ మహీపతి అని ఒక రాజుగారుండేవారు. ఆయన కోట దాటాలంటే ముందు ఆయన బిరుదులు దాటాలి. వందిమాగధులు వాటిని చదివి ముగించేసరికి పల్లకీ మోసే బోయీల భుజాలు పడిపోయేవి. ఆ బిరుదుల్లో సగం ముత్తాతగారివి. నగలతో పాటు అవి కూడా వారసత్వంగా వచ్చాయని రాజుగారి నమ్మకం.

ముత్తాతగారి నుంచి వచ్చింది ఇంకొకటి ఉంది. కోటకీ అవతలి ఒడ్డుకీ మధ్య పెదవాగు మీద రాతి వంతెన. ఆయన గొప్పగానే కట్టించాడు గానీ, ఆ తర్వాత దాని మొహం చూసిన నాథుడు లేడు. కమానుల సందుల్లో మొక్కలు మొలిచాయి. పిట్టగోడ రాళ్ళు ఒక్కొక్కటిగా వాగులోకి దిగిపోతున్నాయి. బండివాళ్ళు ఎడ్లను వంతెన మొదటి దాకా తోలుకొచ్చి, దానికో దణ్ణం పెట్టి వెనక్కి తిప్పుకుపోయేవారు.

రాజుగారి కొలువులో పేరయ్య అని ఒక చమత్కారి ఉండేవాడు. అతని కూతురు మాణిక్యాన్ని అవతలి ఒడ్డున ఇచ్చారు. ఇప్పుడు తొలిచూలు. పురిటికి పుట్టింటికి తీసుకురావాలి. వానలు మొదలయ్యాయంటే పెదవాగులో పడవ కూడా నిలవదు. వంతెన ఎక్కడానికి ఏ బండివాడూ ఒప్పుకోడు. పేరయ్య పెళ్ళాం అచ్చమ్మ ఒకరోజు కంచం ముందు పెట్టి తేల్చి చెప్పేసింది.

"కొలువులో అందరినీ నవ్విస్తారటగా. ఆ మాటలతోనే వంతెనను నిలబెట్టించండి. పిల్ల గడపలోకి వచ్చేదాకా మీకు చారన్నమే."

పేరయ్య చారన్నం తిని కొలువుకెళ్ళి, నగర పెద్దల సభలో వంతెన సంగతి విన్నవించాడు. పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మరమ్మతుకని ఉంచిన సొమ్ము పట్టపుటేనుగు అంబారీకి బంగారు పూత వేయించడానికి అప్పుడే వెళ్ళిపోయింది. రాజుగారికి మాత్రం కోపం నషాళానికంటింది. తన ముత్తాతగారు కట్టించిన వంతెనకు ముసలితనం వచ్చిందనడం వంశానికే అవమానమన్నారు. ఇదే అదనని మంత్రి గుణనిధి అక్కడికక్కడే ఒక శాసనం తయారుచేశాడు. వంతెన కూలిపోతుందని ఎవడు అంటాడో, వాడే సొంత ఖర్చుతో దాన్ని బాగుచేయించాలి.

ఆ మర్నాటి నుంచి వంతెన మహా గట్టిపడింది. దాని మీద కాలు పెట్టడానికి భయపడి వాగు ఈదుకుంటూ వచ్చేవాడు కూడా, నీళ్ళు పిండుకుంటూ, అబ్బ, ఏం వంతెనండీ అనేవాడు.

ఆ రాజ్యంలో ఒక ఆచారం ఉంది. తగవు ఏ చోట పుట్టిందో ఆ చోటే కూర్చుని రాజు తీర్పు చెప్పాలి. ఇరుపక్షాలూ చెప్పుకోవడం అయ్యేదాకా ఆసనం దిగకూడదు. ఈ ఆచారం పెట్టింది కూడా ముత్తాతగారే.

కొద్దిరోజుల తర్వాత పేరయ్య, చాకిరేవు సింగమ్మ కలిసి, అంటే తిట్టుకుంటూ, కొలువుకు వచ్చారు. వంతెన నడుమ నుంచి ఒక రాయి దిగి పేరయ్య పక్కనే పడిందట. తన కోసమే దిగింది గనుక తనదంటాడు పేరయ్య. నా రేవులో పడింది, దాని మీద బట్టలు కూడా ఉతికేశాను, నాదే అంటుంది సింగమ్మ. రాయికి తగవేమిటని గుణనిధి ఇద్దరినీ గెంటించబోయాడు.

"మామూలు రాయి కాదు ప్రభూ, మీ ముత్తాతగారు చేయిపెట్టిన రాయి. అది ఎవరిదో తేల్చడం తమ వల్ల తప్ప ఇంకెవరి వల్ల అవుతుంది?" అన్నాడు పేరయ్య.

రాజుగారి మీసాలు పైకి లేచాయి. రాయి దిగింది వంతెన నడుమ నుంచి కాబట్టి తీర్పూ వంతెన నడుమే జరగాలి. సింహాసనం, గొడుగు, వింజామరలు, నగారాలు, నగర పెద్దలు అన్నీ వంతెన ఎక్కాయి.

నగారా మోగింది. వంతెన కింద దబ్బుమని చప్పుడైంది. అదేమిటని రాజుగారు అడిగితే చేప ఎగిరిందన్నాడు పేరయ్య. పెద్ద చేపే అని పెద్దలంతా తలలూపారు. ఇంకోసారి ఇంకా గట్టిగా చప్పుడైతే పేరయ్య నోరు తెరిచేలోగానే ఒక పెద్దమనిషి తాబేలన్నాడు. మూడోది పడ్డప్పుడు గొడుగు కర్రను వాటేసుకున్న గుణనిధి, మొసలి మహారాజా అన్నాడు ఏడుపుగొంతుతో. వాగులో లేని జంతువు లేదు.

పేరయ్య తన వాదన ఆ రాయి కొండలో పుట్టిన నాటి నుంచి మొదలుపెట్టాడు. సింగమ్మ వాళ్ళ అమ్మమ్మ పెళ్ళి దగ్గర ఎత్తుకుంది. సింహాసనం కాలొకటి రాళ్ళ సందులో దిగబడి, రాజుగారు ఒక పక్కకు ఒరిగి వింటున్నారు. నిజం చెప్పాలంటే పేరయ్యకు కూడా ప్రాణాలు అరచేతిలోనే ఉన్నాయి. చారన్నం తలుచుకుని ధైర్యం తెచ్చుకున్నాడు.

"ఇక నా సాక్షిని పిలిపించండి ప్రభూ. రాయి దిగినప్పుడు మన పట్టపుటేనుగు అక్కడే నీళ్ళు తాగుతోంది."

బంగారు అంబారీతో ఏనుగు వచ్చింది. వంతెన మీద ఒక పాదం మోపి చూసి, వెనక్కి తీసుకుంది. మావటి బతిమాలితే మళ్ళీ మోపింది. వంతెన ఈ చివర నుంచి ఆ చివరి దాకా అదిరింది.

"ఆపండర్రా, వంతెన కూలిపోతోంది!" అని రాజుగారు సింహాసనం మీంచి దూకి, వందిమాగధులను తోసుకుంటూ ఒడ్డుకు పరుగెత్తారు. బిరుదులన్నీ వెనక పడిపోయాయి.

పేరయ్య చివరగా నడిచి వచ్చి చేతులు కట్టుకున్నాడు.

"ప్రభూ, వంతెన కూలిపోతోందని ఎవరో అన్నారు. భయంతో కళ్ళు మూసుకున్నాను, మనిషిని చూడలేదు. శాసనం రాసిన మంత్రిగారికి తెలిసే ఉంటుంది."

గుణనిధి పెద్దల వెనక్కి జరిగాడు. రాజుగారు అతన్ని చూశారు, ఒరిగిన సింహాసనాన్ని చూశారు, ఏనుగును చూశారు. ముందు పొట్ట కదిలింది, తర్వాత మీసాలు కదిలాయి, ఆ తర్వాత కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వారు.

"అన్నది మేమేనయ్యా. మా సభ మొత్తానికి లేని బుద్ధి ఈ ఏనుగుకుంది. దీనికింక బంగారు పూతతో పనేముంది?"

అంబారీ బంగారమంతా గీకించి వంతెనకిచ్చారు. చాలనిది తన సొంత సొమ్ములోంచి వేశారు. రాయి వంతెనదేనని తీర్పు చెప్పి, సింగమ్మకు కొత్త బండ వేయించారు. మెడలోని హారం తీసి పేరయ్యకు వేసి, ఇంకేం కావాలో కోరుకోమన్నారు. మొదటి బండి తన కూతురిది కావాలన్నాడు పేరయ్య.

మబ్బులు కమ్ముకొస్తుండగా మాణిక్యం బండి గలగలమంటూ కొత్త రాళ్ళ మీదికి ఎక్కింది. వందిమాగధులు గొంతు సవరించుకోగానే రాజుగారు చెయ్యెత్తారు. బిరుదులన్నీ వినేసరికి పిల్ల ఇక్కడే కనేస్తుందని వాళ్ళను పక్కకు తప్పించారు.

ఆ పూట అచ్చమ్మ పేరయ్యకు గారెలు, పులిహోర, పాయసం కొసరి కొసరి వడ్డించింది. చివర్లో అతను కాస్త చారు అడిగితే, ఈ పూట పెట్టలేదంది.