కడపటి గుక్క

అనగనగా అంటే చాలు, మీరంతా ముందుకు జరుగుతారని నాకు తెలుసు. జరగండి. మణిసీమ అనే రాజ్యానికి ఒక రాజు. ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. ఇంతవరకూ అన్ని కథల్లాగే ఉంది కదా అని కాళ్ళు బార్లా చాపుకోకండి. ఇందులో నవ్వులు తక్కువ, దాహం ఎక్కువ.

ఆ రాజ్యంలో పాలవంక అని ఒక ఏరు. ఊళ్ళకు ఊళ్ళు దాని మీదే బతికేవి. అక్కడి రాజవంశానికి ఒక ఆచారం ఉండేది. రాజు కడుపున పుట్టినవాడు గొంతు తడుపుకోనిదే పక్కనున్న బంటు నీళ్ళు ముట్టకూడదు. వేటకెళ్ళినా అంతే, యుద్ధానికెళ్ళినా అంతే. ఏరు నిండుగా పారినన్నాళ్ళూ అందులో తప్పేముందో ఎవరికీ కనపడలేదు.

ఒకనాడు ఏడు సముద్రాల అవతలి నుంచి శుష్కదంతుడనే మాంత్రికుడు వచ్చాడు. ఏటి ఒడ్డున బోర్లా పడుకుని ఒక గుక్క తాగాడు. ఏరు మోకాలి లోతుకు వచ్చింది. రెండో గుక్క తాగాడు. బురద మిగిలింది. మూడో గుక్క తాగాడు. ఇసక మిగిలింది. మూతి తుడుచుకుని వచ్చిన దారినే పోయాడు.

బావులు ఎండాయి. పశువులు కట్టుకొయ్యల దగ్గరే కూలిపోయాయి. బాలింతలకు పాలు ఇంకిపోయాయి. జనం పొద్దున్నే గుడ్డలతో మంచు అద్ది, నోట్లోకి పిండుకున్నారు. రాజుగారి పెద్దకొడుకు వెయ్యి గుర్రాలతో మాంత్రికుడి మీదికి వెళ్ళాడు, తిరిగి రాలేదు. రెండోవాడు అయిదువందల మంది విలుకాండ్రతో వెళ్ళాడు, అతనూ రాలేదు. ఇద్దరూ మాంత్రికుడి దీవిలో రాళ్ళై నిలబడ్డారని వలసపక్షులు చెప్పుకున్నాయి.

ఇక మూడోవాడు సుధన్వుడు. పరుగులో గానీ బరువులెత్తడంలో గానీ ఎవరికీ తీసిపోడు. ఆ సంగతి ఇతరులకంటే అతనికే బాగా తెలుసు.

"నేను వెళతాను తండ్రీ" అన్నాడు.

"వెయ్యిమందివల్ల కానిది నీవల్ల ఏమవుతుంది నాయనా?" అన్నాడు రాజు. కొడుకు మొహం చూసి మళ్ళీ తనే, "ముందు గురవసాని దగ్గరికి వెళ్ళు. ఆమె పంపితే వెళ్ళు. వద్దంటే ఇంటికొచ్చేయ్. నాకు మిగిలింది నువ్వొక్కడివే" అన్నాడు.

గురవసాని ఒకప్పుడు సైన్యాన్ని నడిపిన మనిషి. ముసలిదై నల్లదుర్గం అనే కొండకోటలో ఉంటూ, ప్రాణాలకు తెగించే పనులకు మనుషుల్ని తయారుచేసేది. ఆ కోట గుమ్మం దగ్గర ఎప్పుడూ ఒక కుండలో వేడివేడి గంజి, పక్కన మడత పెట్టిన కంబళి ఉండేవి. ఆ రోజు సుధన్వుడితో పాటు నలుగురు వచ్చారు. తాటిచెట్టంత సింగడు, నోరు మూత పడని ఓబులు, పడవలు నడిపే రంగప్ప, ఉప్పుమడుల్లో పనిచేసే తిప్పడు. తిప్పడు కాస్త నెమ్మది మనిషి.

"వినండ్రా" అంది అవ్వ. "ఇక్కడ నేను కొట్టను, తిట్టను. నావల్ల కాదు అనుకున్నవాడు ఆ గంజి తాగి, కంబళి కప్పుకుని ఇంటికి పోవచ్చు. ఎవరూ నవ్వరు. కానీ గంజి ముట్టినవాడు మళ్ళీ ఈ గుమ్మం తొక్కకూడదు."

మొదటి పరీక్ష చలి. కొండ అంచున ఒకరి చేతులొకరు పట్టుకుని మూడు రోజులు గాలిలో నిలబడాలి, కూర్చోకూడదు. నిలబడ్డారు. రెండో పరీక్ష బరువు. అయిదుగురూ ఒక మద్దిమానును భుజాల మీద పెట్టుకుని ఏడుసార్లు కొండెక్కి దిగాలి. ఎక్కారు, దిగారు. ఎక్కినప్పుడల్లా గంజి వాసన ముక్కుకు కొట్టింది. సుధన్వుడు ప్రతిసారీ అందరికంటే ముందున్నాడు. అవ్వ మెచ్చుకుంటుందేమోనని చూశాడు. అవ్వ అతనికేసి చూడనేలేదు.

మూడో పరీక్ష దాహం. అయిదుగురినీ ఒకే తాడుకు కట్టి, ఒక తోలుతిత్తి నిండా నీళ్ళిచ్చి, ఎర్ర ఇసక మైదానం అవతలి గుట్టను తాకి పొద్దు గూకేలోగా తిరిగి రమ్మంది అవ్వ.

తాడుకు ముందు సుధన్వుడు, చివర తిప్పడు. సుధన్వుడు దాహమైనప్పుడల్లా తిత్తి ఎత్తి తృప్తిగా తాగి వెనక్కి అందించాడు. పుట్టినప్పటి నుంచీ చూసిన ఆచారమే కనుక ఎవరూ తప్పు పట్టలేదు. చేతులు మారుతూ తిత్తి తిప్పడి దగ్గరకు చేరేసరికి తోలుకు తడి మాత్రం ఉండేది. "తాగావురా?" అని రంగప్ప అడిగితే, "ఆఁ, తాగా" అనేవాడు తిప్పడు.

ఎండ మండిపోతోంది. ఒకసారి తాడు వెనక్కి లాగింది. "లాగకండి, నడవండి!" అని అరిచాడు సుధన్వుడు. ఇంకోసారి లాగింది. మళ్ళీ అరిచాడు. మూడోసారి తాడు తేలికైంది. హమ్మయ్య, ఇప్పటికి అడుగు కలిపారు అని సంతోషించాడు. ఆ సంతోషం తలపుకొస్తే చాలు, అతనికి బతికినన్నాళ్ళూ ఒళ్ళు కంపరమెత్తేది.

పొద్దుండగానే కోట గుమ్మానికి చేరారు.

"నీ వెనక ఎంతమందిరా?" అంది అవ్వ.

"నలుగురవ్వా."

"తిరిగి చూసి చెప్పు."

చూశాడు. ముగ్గురే ఉన్నారు. తాడు కొన పట్టుకుని చూశాడు. అది తెగలేదు. ఎవరో ఓపిగ్గా ముడి విప్పారు. తను బరువై మిగతావాళ్ళు ఆలస్యం కాకూడదని తిప్పడే విప్పుకున్నాడు. పరుగున వెనక్కి వెళితే ఇసకలో ఒక పక్కకు ఒరిగి ఉన్నాడు. పెదాలు నల్లబడి పగిలిపోయాయి. ప్రాణం లేదు.

అవ్వ తిట్టలేదు. తిట్టి ఉంటే బావుండునని సుధన్వుడికి అనిపించింది. "వాడి తల్లికి నువ్వే చెప్పాలి" అంది, అంతే.

శవాన్ని భుజాన వేసుకుని ఉప్పుమడుల పల్లెకు నడిచాడు సుధన్వుడు. తిప్పడి తల్లి అరుగు మీద కూర్చుని ఉంది. కొడుకు తల ఒళ్ళో పెట్టుకుని మొహం మీది ఇసకను చీరకొంగుతో తుడిచింది. ఎలా పోయాడని అడగలేదు.

"మా వాడు నీళ్ళు తాగాడా బాబూ?" అంది.

"లేదమ్మా."

"నువ్వో?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు. "తాగాను. ముందు నేనే తాగాను" అన్నాడు. అనేసరికి కళ్ళు నిండాయి.

"నా ఎదట ఏడవకు" అందామె. "ఇక్కడ ఏడవాల్సింది నేను. నువ్వు పోయి ఏరు తీసుకురా. తేకపోతే నా కొడుకు ఉత్తపుణ్యాన పోయినట్టే."

సుధన్వుడు కోటకు తిరిగొచ్చి గంజి కుండ ముందు చాలాసేపు నిలబడ్డాడు. తాగితే అన్నీ అయిపోతాయి. కంబళి కప్పుకుని ఇంటికి పోవచ్చు, తండ్రి సంతోషిస్తాడు కూడా.

"ఆకలేస్తోందా?" అంది అవ్వ.

"వేస్తోందవ్వా."

"తాగుతావా?"

"తాగను. మూడో పరీక్ష మళ్ళీ పెట్టు."

ఈసారి తాడు కట్టుకునేటప్పుడు సుధన్వుడు చివరికి వెళ్ళి నిలబడ్డాడు. "రంగప్పా, నీకు మోకాలి నొప్పి కదా. నువ్వు ముందు నడు. నీ నడకే మా అందరి నడక. నీళ్ళు ముందు మీ ముగ్గురూ తాగండి. కడపటి గుక్క నాది" అన్నాడు.

"అమ్మో, ఆచారం తప్పితే మా కళ్ళు పోతాయి దొరా!" అన్నాడు ఓబులు.

"ఆచారం పాటించిన తిప్పడికి కళ్ళు మిగిలాయా?"

ఓబులు తాడు నడుముకు బిగించుకున్నాడు. ఎర్ర ఇసకను మూడుసార్లు దాటారు. ఒక్కోసారి సుధన్వుడి దాకా గుక్కెడు వచ్చేది, ఒక్కోసారి వచ్చేది కాదు. రానిరోజు తిత్తి మూతి బిగించి, "పదండి" అనేవాడు. మూడోసారి తిరిగొచ్చాక అవ్వ, "నీ వెనక ఎంతమందిరా?" అంది. "వెనక ఎవరూ లేరవ్వా, ముగ్గురూ నా ముందే ఉన్నారు" అన్నాడు. "ఇక పో" అంది అవ్వ.

సముద్రపు ఒడ్డున పల్లెంత వీపున్న ఒక ముసలి తాబేలు ఎండ కాచుకుంటోంది. వీళ్ళ కథంతా విని, "ఎక్కండి" అంది. "కానీ ఒక్క మాట. నా వీపు మీద ఎంతమంది ఎక్కారో, ఎంతమంది మిగిలారో నేను లెక్క పెట్టను. అది నాయకుడి పని."

మొదటి సముద్రం దాటారు, రెండోది దాటారు, మూడోది దాటారు. నాలుగో దాంట్లో తిండి అయిపోయింది. అయిదో దాంట్లో కొండంత అల లేచింది. అందరికంటే ముందు చూసింది పడవలు నడిపిన రంగప్పే. పక్కనున్న ఓబుల్ని తాబేలు మెడ సందులోకి తోసేశాడు. అల విరిగి పోయాక చూస్తే రంగప్ప లేడు.

తాబేలు మూడుసార్లు చుట్టూ తిరిగింది. సుధన్వుడు గొంతు పోయేలా పిలిచాడు. దూరంగా మళ్ళీ అల లేవడం కనిపించింది.

"ఇంకా వెతకమంటే వెతుకుతాను. కానీ అది వచ్చిందంటే మిగతావాళ్ళూ ఉండరు. ఏం చెయ్యను? నువ్వు చెప్పు" అంది తాబేలు.

ఓబులు, సింగడు అతని మొహంలోకే చూస్తున్నారు. ఎవరైనా మరొకరు చెబితే బావుండునని సుధన్వుడికి ఎంతగానో అనిపించింది. చెప్పేవాళ్ళు లేరు. "ముందుకు పోనివ్వు" అన్నాడు. నోరు మూత పడని ఓబులు ఆ తర్వాత రెండు సముద్రాలూ ఒక్క మాట మాట్లాడలేదు.

దీవి కనబడగానే తాబేలు చెప్పింది. "ఆ మాంత్రికుడి ప్రాణం ఒక చిలకలో ఉంది. పంజరం కొండచరియ మధ్యలో వేలాడుతుంది. ఆ చిలక మెడ రాజు బిడ్డ చేతికే విరుగుతుంది. ఇంకెవరు విరవబోయినా అది ఇనుములా ఉంటుంది. మాంత్రికుడు ఏ రూపమైనా ఎత్తగలడు. చిలక వాడి చేతికి చిక్కిందా, మీరూ రాళ్ళే."

ఒడ్డంతా రాతిమనుషులే. నోళ్ళు తెరుచుకుని, చేతులు చాచి ఉన్నారు. వాళ్ళలో అన్నలిద్దర్నీ సుధన్వుడు గుర్తుపట్టాడు. ఆగి ఏడవడానికి సమయం లేదు. పొడుగ్గా ఉన్నాడు కనుక సింగడు చరియ ఎక్కాడు. సుధన్వుడు, ఓబులు కింద చెరోవైపు కాపలా ఉన్నారు.

సింగడు చిలకను గుప్పిట పట్టుకుని దిగి వచ్చాడు. చూస్తే కింద ఇద్దరు సుధన్వులు! ఒకే మొహం, ఒకే గొంతు, భుజం మీద మాను మోసిన కాయ కూడా ఒకేలా ఉంది.

"సింగా, ఇటివ్వు! వాడు మాంత్రికుడు!" అన్నాడొకడు.

"సింగా, ఇవ్వకు! మాంత్రికుడు వాడే!" అన్నాడు రెండోవాడు.

సింగడు గుప్పిట బిగించాడు. చిలక గుప్పిట్లో గిలగిల్లాడుతోంది. అటు ఒకడుగు వేస్తే ఇటువాడు అరుస్తాడు, ఇటు వేస్తే అటువాడు. ఏం చెయ్యమంటారు దొరా అని అడుగుదామంటే దొరలే ఇద్దరయ్యారు. అప్పుడు ఓబులు నడుముకున్న తిత్తి విప్పాడు. అందరి నాలుకలూ అట్టకట్టి ఉన్నాయి.

"తగువు తర్వాత తీర్చుకుందురు గాని. ఇందులో గుక్కెడు నీళ్ళున్నాయి దొరా. తీసుకోండి" అన్నాడు, ఇద్దరి మధ్యా తిత్తి చాపి.

రాజుల ఆచారాలన్నీ ఎరిగిన మాంత్రికుడు, రాజకుమారుడన్నవాడు ఇప్పుడేం చెయ్యాలో అదే చేశాడు. చటుక్కున తిత్తి అందుకుని గటగటా తాగాడు. రెండోవాడు చెయ్యి చాపనే లేదు. పగిలిన పెదాలతో, "సింగడు తాగాడా?" అన్నాడు.

సింగడు చిలకను ఆ రెండోవాడి చేతిలో పెట్టాడు. సుధన్వుడు కళ్ళు మూసుకుని మెడ విరిచాడు.

మాంత్రికుడు వెల్లకిలా పడ్డాడు. వాడి నోటి నుంచి పాలవంక బయటికి దూకింది. నీళ్ళు ఆవిరై, ఆవిరి మబ్బులై మణిసీమ కొండలవైపు పరుగెత్తాయి. రాతిమనుషుల్లో ఊపిరి కదిలింది. తాబేలు తన చుట్టాలందరినీ కేకేసింది. పదిహేనువందల మందీ ఇంటిదారి పట్టారు. అయిదో సముద్రం మీద సుధన్వుడు తాబేలును ఆపమని రంగప్ప పేరు పెట్టి మూడుసార్లు పిలిచాడు. జవాబు రాలేదు.

మణిసీమ చేరేసరికి ఏరు నిండుగా పారుతోంది. ఒడ్డు పొడుగునా జనం, పశువులు. ఒక్కరూ నీళ్ళు ముట్టలేదు. రాజు బంగారు చెంబు ముంచి తెచ్చాడు. "నువ్వు తెచ్చిన ఏరు నాయనా. ముందు నువ్వు తాగితేనే జనం ముడతారు" అన్నాడు.

"నేను ముందు తాగడంవల్ల ఒక తల్లికి కొడుకు లేకుండా పోయాడు తండ్రీ. ఈ చెంబు నావల్ల కాదు" అన్నాడు సుధన్వుడు. జనంవైపు తిరిగి తిప్పడి సంగతంతా, ఒక్క ముక్క దాచకుండా, చెప్పాడు. "తాగండి" అన్నాడు. ఎవరూ కదల్లేదు. తాతల నాటి భయం మరి. ఓబులు మొలలోతు నీళ్ళలోకి దూకి, దోసిలి పట్టి తాగి, "కళ్ళు పోలేదర్రా!" అని అరిచాడు. అంతే, జనం ఏట్లోకి ఉరికారు.

పసిపిల్లలు తాగారు, బాలింతలు తాగారు, ముసలీముతకా తాగారు. పశువులు తాగాయి. సాయంత్రమైంది. ఒడ్డు ఖాళీ అయ్యాక సుధన్వుడు నీళ్ళ దగ్గర వంగాడు. వెనక ఎవరిదో నీడ నీళ్ళలో కనపడింది. చూస్తే తండ్రి. పెదాలు ఎండి అట్టలు కట్టి ఉన్నాయి.

"మీరింకా తాగలేదా తండ్రీ?"

"నేను రాజుని కదరా" అన్నాడు ముసలి రాజు. "తాగు. నీ తర్వాత నేను."

అప్పుడు ఏడ్చాడు సుధన్వుడు, ఇన్నాళ్ళ ఏడుపూ ఒక్కసారే. తండ్రి అతని వీపు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

అన్నలిద్దరూ ఒప్పుకోగా సుధన్వుడికే పట్టం కట్టారు. పెళ్ళి కూడా అయింది. పెళ్ళి లేకుండా ఇలాంటి కథ ఆపితే మీరు నన్ను లేవనిస్తారా! నలభై ఏళ్ళు చల్లగా ఏలాడు. ఆ పెళ్ళి భోజనాల నాడు బంతిలో తిప్పడికీ రంగప్పకూ రెండు విస్తళ్ళు వేశారు. వాటి ముందు ఎవరినీ కూర్చోనివ్వలేదు. ఆ రెండిటిలో వడ్డించాకే మిగతా అందరికీ వడ్డించారు.