వాగు ఒడ్డున సుద్దమ్మ

నల్లమల అంచున ఏసోబు అనే కాపరి గొర్రెల్నీ మేకల్నీ కలిపి మేపేవాడు. ఆ మందలో సుద్దమ్మ అనే తెల్ల గొర్రె మాత్రం ఎప్పుడూ విడిగానే పడుకునేది. ఒకరి చేలో నోరు పెట్టి ఎరగదు, నీళ్ల తొట్టి దగ్గర ఎవర్నీ తోసి ఎరగదు. పెసరచేలు దొంగతనంగా మేసొచ్చిన వాళ్లకి ఒళ్లు ఆనించి పడుకోవడం దానికి చేతకాలేదు. చలికాలంలో మందంతా ఒకదాన్నొకటి ఒరుసుకుని వెచ్చగా నిద్రపోతుంటే, సుద్దమ్మ తన మంచితనాన్నే పక్కలో వేసుకుని వణుకుతూ మేలుకుని ఉండేది.

ఒక సాయంత్రం పైన కొండల్లో వాన కురిసి వాగు పొంగింది. దొడ్డేమో అవతలి ఒడ్డున ఉంది. ఏసోబు పంచె ఎగగట్టి, ఒక్కో జీవాన్నీ మెడమీద వేసుకుని, నాలుగు కాళ్లూ గుండెల దగ్గర కలిపి పట్టుకుని దాటించసాగాడు.

ముందుగా చెవి చీలిన మేక ముందుకొచ్చింది. ఆ ఉదయమే పరాయి చేలో దొరికిపోయిన మేక అది.

"సిగ్గులేదూ?" అంది సుద్దమ్మ. "పొద్దున నలుగురిలో ఆయన తల దించుకునేలా చేశావు. ఇప్పుడు ఆయన మెడే ఎక్కుతావా?"

"సిగ్గుంది పిన్నీ. ఈతే రాదు."

"నాకా మోత అక్కర్లేదు. నా కాళ్లమీద నేనొస్తా."

"నీ కాళ్లు మంచివే పిన్నీ. ఆ సంగతి నీళ్లకి తెలియాలి కదా!"

మందంతా నవ్వింది. ఏసోబు తిరిగొచ్చి "రా తల్లీ" అని చేతులు చాచేసరికి, సుద్దమ్మ తప్పించుకుని తంగేడు పొదల చాటుకి జరిగింది. ఆయన దాన్నే చూస్తూ ఒక గొర్రెపిల్లని ఎత్తుకున్నాడు.

పొదల్లో నక్క కాచుకుని ఉంది.

"బాగా చెప్పావు వదినా! దొంగల్ని మోసిన మెడ నీకెందుకు? ఎగువన రాళ్ల బాట ఉంది. గిట్ట కూడా తడవదు. నీలాంటి వాళ్లు దాటేది అక్కడే."

"మరి మిగతావాళ్లకి చెప్పలేదేం?"

"వాళ్లకి ఆ అర్హత ఏదీ?"

ఆ మాట సుద్దమ్మకి కమ్మగా తగిలింది. ఎగువకి నడిచి, రాయి మీంచి రాయి మీదకి దూకుతూ వాగు నడుమకి వచ్చింది. ముందున్న రాళ్లు కనబడలేదు. వెనక్కి తిరిగితే, దాటొచ్చిన రాళ్లు కూడా మునిగిపోయాయి.

"బాట ఏదీ?" అని అడిగింది.

ఒడ్డున నక్క తీరిగ్గా చతికిలబడింది. "ఉంది వదినా, నీళ్లకింద. నీ మంచితనం మీద నడిచిరా. లేదంటే నీళ్లే నిన్ను తెచ్చి నా ముందు పడేస్తాయి. నాకు తొందరేం లేదు."

దిగువన మంద అరుపులు దొడ్డివైపు సాగిపోతున్నాయి. ఎప్పుడూ విడిగా పడుకునే గొర్రె ఇవాళ లేదని ఎవరికి తెలుస్తుంది? నీళ్లు గిట్టలు దాటి మోకాళ్లకి వచ్చాయి.

అప్పుడు ఏసోబు గొంతు వినబడింది. "సుద్దమ్మా! ఓ సుద్దమ్మా!"

సుద్దమ్మ నోరు తెరిచింది. ఏమని పలకాలి? ఒకరి చేలో మేయలేదనా, ఒకర్ని తోయలేదనా? ఆ రాతిమీద ఆ మాటలకి బరువు లేదు.

"అరవకు వదినా," అంది నక్క, కాస్త కంగారుగానే. "కావాలని ఆయన చెయ్యి తప్పించుకున్నదానివి. ఇప్పుడు ఏ మొహంతో పిలుస్తావు?"

నిజమే. ఏ మొహమూ లేదు. సుద్దమ్మకి అది మొదటిసారి తెలిసింది. అయినా గొంతు చించుకుని అరిచింది.

ఏసోబు ఛాతీలోతు నీళ్లలో పడుతూ లేస్తూ వచ్చాడు. మోకాలు చీరుకుపోయి నెత్తురు కారుతోంది. ఎందుకెళ్లావని అడగలేదు. మెడమీద వేసుకుని, నాలుగు కాళ్లూ కలిపి పట్టుకుని, "కదలకు తల్లీ" అన్నాడు. సుద్దమ్మ కదల్లేదు.

నక్క ఆకలితో కొండెక్కింది. ఏ మొహంతో పిలుస్తావన్న ఆ చివరి మాట అనకుండా ఉంటే, ఆ గొర్రె తన మంచితనమే నెమరేసుకుంటూ మునిగిపోయేది కదా అని దారి పొడవునా పళ్లు కొరుక్కుంది.

నీతి: క్రీస్తు మనల్ని మోసేది మనం యోగ్యులమని కాదు, మోయమని ఆయన్ని నమ్మి పిలిచామని.