మౌలాలి తాత ఒంపిన నీళ్ళు

ఓబులేసుకి ఆ రోజు మధ్యాహ్నం అన్నం దిగలేదు. కారణం ఒక ప్రశ్న. అడిగింది కాలేజీ ఆవరణ ఊడ్చే మునెమ్మ.

"సారూ, నువ్వు రాసిన ఇంగ్లీషు కాయితంలో నా పేరుందా?"

"లేదు మునెమ్మా. ఒట్టు. అందులో ఎవరి పేరూ లేదు."

"మల్ల నన్నెందుకు తీసేసినారు?"

ఆమె చీపురు గోడకి ఆనించి, చెంగుతో మొహం తుడుచుకుని వెళ్ళిపోయింది. ఓబులేసు క్యారియర్ మూత పెట్టేసి చెయ్యి కడుక్కున్నాడు.

ఆ ఆడపిల్లల ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఓబులేసు ఇంగ్లీషు లెక్చరరు. మామూలు లెక్చరరు అనుకునేరు! ఫ్రేజల్ వెర్బుల దగ్గర ఆ చుట్టుపక్కల ఆయన్ని కొట్టేవాడు లేడు. పుట్ ఆఫ్ అంటే వాయిదా వేయడం, పాస్ ఆన్ అంటే విన్నది ఇంకొకరికి చేరవేయడం, హెడ్ ఆఫ్ అంటే వచ్చే ఆపదని ముందే ఆపడం. క్రియ వెనకాల తోకలా వేలాడే ఆ ఆఫ్, ఆన్ ఉన్నాయే, అవే పిల్లలకి చుక్కలు చూపిస్తాయి. "వాక్యాన్ని పాసివ్‌లోకి తిప్పండి, ముందు ఇఫ్ తగిలించండి, మీ ఇష్టం. తోక మాత్రం తెగకూడదు," అనేవాడు ఓబులేసు. "ఇక చేసినవాడి పేరంటారా, ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. తీసి పారేయండి." పిల్లలు బుద్ధిగా రాసుకునేవాళ్ళు.

పోయిన నెల హాస్టల్లో పద్దెనిమిదిమంది పిల్లలు వాంతులు, విరేచనాలతో ఆసుపత్రిలో పడ్డారు. మేడ మీద నీళ్ళ ట్యాంకు మూత తీసి చూస్తే అడుగున జానెడు బురద, పైన చచ్చిన పావురం. దేవుడి దయవల్ల పిల్లలంతా బతికి బయటపడ్డారు. ఒక పిల్ల మాత్రం తొమ్మిది రోజులు సెలైన్ మీద ఉంది.

నీళ్ళు కంపు కొడుతున్నాయని పిల్లలు అంతకుముందే మూడుసార్లు ఫిర్యాదుల పుస్తకంలో రాశారు. ఆ పుస్తకం ఎక్కడుందో ఇప్పుడే చెప్పేస్తాను, దాచిపెట్టి ఊరించే కథ కాదిది. ఓబులేసు బల్ల సొరుగులో ఉంది. ఆ ఏడాది హాస్టల్ చూసుకునే పని ఆయనదే. పరీక్షలు కానీ, చూద్దాంలే అని లోపల పడేశాడు. ట్యాంకు కడిగించడం దండగ ఖర్చు, సెలవుల దాకా ఆగమన్నది ప్రిన్సిపాల్ గంగాధరం. ఇద్దరూ ఇద్దరే.

పై ఆఫీసు నుంచి సంజాయిషీ అడిగితే, ఇంగ్లీషులో దిట్ట కదా అని ప్రిన్సిపాల్ ఆ పని ఓబులేసుకే అప్పజెప్పాడు. ఓబులేసు రెండు రోజులు కూర్చుని చెక్కాడు. "ద క్లీనింగ్ వాజ్ పుట్ ఆఫ్. ఇఫ్ ద కంప్లైంట్స్ హాడ్ బీన్ పాస్డ్ ఆన్, ద ఇల్‌నెస్ కుడ్ హావ్ బీన్ హెడెడ్ ఆఫ్." అంటే, ట్యాంకు కడగడం వాయిదా పడింది, ఫిర్యాదులు పైకి చేరి ఉంటే జబ్బు ముందే ఆగి ఉండేది. ఎవరు వాయిదా వేశారు, ఎవరు చేర్చలేదు, ఆ ఊసే లేదు. తోకలన్నీ భద్రంగా ఉన్నాయి. తలకాయలే లేవు.

విచారణకొచ్చిన అధికారి చదివి తలూపాడు. "బాగా రాశారు. సరే, బాధ్యులెవరు?"

ప్రిన్సిపాల్ కిటికీలోంచి బయటికి చూశాడు. బయట మునెమ్మ ఊడుస్తోంది. అంతే. ఆమె ఏనాడూ మేడ మీది ట్యాంకు మొహం చూడలేదు. మోకాళ్ళ నొప్పులతో మూడు మెట్లెక్కితే ఆయాసపడే మనిషి.

గురువారం సాయంత్రం ఓబులేసు ఆ సంజాయిషీ నకలు జేబులో పెట్టుకుని గుట్టెక్కాడు. గుట్ట మీద చిన్న దర్గా. దాన్ని చూసుకునేది మౌలాలి తాత. ఒకప్పుడు ఊరూరా తిరిగి ఇత్తడి గిన్నెలకి కళాయి వేసేవాడు, ఇప్పుడు దర్గా గిన్నెలకి వేస్తున్నాడు. ఇంటర్ తప్పి పిచ్చోడిలా తిరిగే రోజుల్లో ఓబులేసుని పిలిచి "కూచోప్పా" అన్న మొదటి మనిషి ఆయనే. అప్పట్నుంచి ఓబులేసు గురువారం తప్పడు. లోకంలో ఎవరికీ వంగని తల ఆ ముసలాయన దగ్గర వంగుతుంది.

ఆ రోజు మాత్రం వంగలేదు.

"తాతా, ఇందులో ఒక్క అబద్ధం లేదు. ఒక్కటంటే ఒక్కటి చూపించు, గుండు గీయించుకుంటా. మునెమ్మ మాట నేనెక్కడా రాయలేదు. వాళ్ళు ఆమెని తీసేస్తే నేనేం చేసేది? నేను రాసింది కరెక్టు!"

"నాకు ఇంగిలీసు యాడొచ్చుప్పా. చదువు, ఇంటా."

ఓబులేసు చదివాడు. తెలుగులో అర్థం కూడా చెప్పాడు. తాత చింతపండుతో చెంబు తోముతూ మొత్తం విన్నాడు.

"ఇనేదానికి బాగుంది," అన్నాడు.

చెంబు పక్కన పెట్టి లేచాడు. అరుగు చివర పీట మీద తాగే నీళ్ళ గంగాళం ఉంది. ఆ నీళ్ళు మోసుకొచ్చేది ఖాసింబీ. గుట్ట కింద బోరింగు, అక్కణ్ణుంచి తొంభై మెట్లు, నాలుగు బిందెలు. అరవై దాటిన ఆ ఆడమనిషి వంటపాకలో గుగ్గిళ్ళు ఉడకేస్తోంది. తాత గంగాళం మీద రెండు చేతులూ వేసి ఒంపేశాడు. నీళ్ళన్నీ మెట్ల మీదుగా జలజలా కిందికి పోయాయి. తాత వచ్చి తన చోట కూర్చుని మళ్ళీ చెంబు అందుకున్నాడు.

ఓబులేసు తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది.

ఈలోగా మొక్కుబడి వాళ్ళు పదిమంది పైకొచ్చారు. ఎండకి గొంతులెండి ఉన్నాయి. చూస్తే గంగాళం బోర్లా పడుంది.

"అయ్యో, నీళ్ళన్నీ పోయినాయే!"

"ఈ ఖాసింబీకి కండ్లు నెత్తికెక్కినాయి. ఏమ్మే, యాడుండావ్? గంగాళం ఎవరన్నా అంచున పెడతారా?"

"మొన్న కూడా దీపం ఆరిపోయింది. ఈమెని మాన్పించి ఇంకొకర్ని పెట్టాల."

ఖాసింబీ చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది. ఒలికిన నీళ్ళని చూసి ఆమె మొహం పాలిపోయింది. ఎవరూ ఏ రుజువూ చూపించలేదు, అయినా ఆ పిచ్చితల్లి దండం పెట్టింది. "నేను ఇంగొంచెం లోపలికి జరిపి పెట్టుంటే పడేది కాదేమో సామీ. తప్పైపోయింది."

జరిపి పెట్టుంటే. పడేది కాదేమో.

ఓబులేసుకి జేబులోని కాగితం నిప్పులా తగిలింది. తాత వైపు చూశాడు. తాత తల ఎత్తలేదు, చెంబు తోముతూనే ఉన్నాడు. ఖాసింబీ ఇంకో దండం పెట్టబోయింది.

"ఆపండి!" ఓబులేసు లేచిన ఊపుకి చాప జారిపోయింది. "ఆమెనేమన్నా అన్నారంటే మర్యాద దక్కదు. ఆమె కాదు. తాత ఒంపినాడు. నేను చూసినా. చూస్తా ఉండి కూడా ఇంతసేపూ నోరు మూసుకుని కూచున్నా!"

తాత మెల్లగా చెంబు కింద పెట్టాడు.

"అంత చిన్న మాటకి ఇంతసేపు పట్టిందే నీకు," అన్నాడు.

లేచి, ఖాసింబీ చెయ్యి పట్టుకుని తన చాప మీద కూర్చోబెట్టాడు. వంటపాక గోడ పక్కనున్న బిందె తీసుకుని మెట్ల వైపు నడిచాడు. ఓబులేసు ఒక్క ఉదుటున వెళ్ళి బిందె పట్టుకున్నాడు.

"ఇటియ్యి తాతా, నేను తెస్తా."

"నువ్వెందుకు? ఒంపింది నేను."

డెబ్బై ఆరేళ్ళ మనిషి. తొంభై మెట్లు. నాలుగుసార్లు దిగాడు, నాలుగుసార్లు ఎక్కాడు. సాయం పట్టబోయిన వాళ్ళని ఒక్క చూపుతో ఆపేశాడు. నాలుగో బిందె గంగాళంలో పోసి, గోడకి చేరగిలబడి, ఓబులేసు కోసం చూశాడు. ఓబులేసు అప్పటికే గుట్ట దిగి వెళ్ళిపోయాడు.

శుక్రవారం పదకొండు గంటలకి ప్రిన్సిపాల్ గంగాధరం బల్ల మీద ఒక కాగితం పడింది. అయిదే వాక్యాలు. ట్యాంకు కడగడం వాయిదా వేసింది ప్రిన్సిపాల్ గంగాధరం. పిల్లలు మూడుసార్లు ఫిర్యాదు రాశారు. ఆ పుస్తకాన్ని పైకి పంపకుండా నా సొరుగులో పెట్టుకున్నది నేను, ఓబులేసు. నేను పంపి ఉంటే జబ్బు ఆగి ఉండేది. మునెమ్మకి ట్యాంకుతో ఏ సంబంధమూ లేదు.

ప్రిన్సిపాల్ రెండుసార్లు చదివాడు.

"ఇది ఇంగ్లీషు లెక్చరర్ రాసే ఇంగ్లీషేనా? మూడో తరగతి పిల్ల రాసినట్టుంది."

"మూడో తరగతి పిల్లకి కూడా అర్థం కావాలనే రాశాను సార్."

"నా మీద కోపం, సరే. నీ పేరెందుకయ్యా మధ్యలో? నీ గొయ్యి నువ్వే తవ్వుకుంటావా?"

"నా పేరు మింగేసి మీ పేరొక్కటే రాస్తే, మళ్ళీ ఆ మొదటి కాగితమే రాసినట్టవుతుంది."

గంగాధరం గొంతు తగ్గించాడు. "చూడు ఓబులేసూ, పెళ్ళాం బిడ్డలున్నవాడివి. పాతదాన్నే అటూ ఇటూ మార్చి ఇవ్వు. ఆ ముసల్దానికి ఏదో ఒకటి ఇచ్చి పంపేద్దాం. ఈ కాగితం ఈ గది దాటదు."

"దాటేసింది సార్. పోస్టాఫీసు తెరవగానే పై ఆఫీసుకి రిజిస్టర్ పోస్టులో పంపాను. ఇది మీ నకలు."

"ఎవర్ని అడిగి పంపావ్?" ప్రిన్సిపాల్ బల్ల గుద్దాడు.

"ఎవర్నీ అడగలేదు. నేనే పంపాను."

ఆ గదిలోంచి బయటికొచ్చేటప్పుడు ఓబులేసుకి భయం వేసింది, ఎందుకు వెయ్యదు? ఇంటి అద్దె గుర్తొచ్చింది, కూతురి స్కూలు గుర్తొచ్చింది. అయినా వెనక్కి తిరగలేదు. తిన్నగా క్లాసుకెళ్ళి, చేసినవాడి పేరు తీసేయొచ్చని తను బోర్డు మూల రాసి ఉంచిన సూత్రాన్ని అరచేత్తో తుడిచేశాడు. పిల్లలు ఎందుకని అడిగితే, "నేను తప్పు చెప్పాను," అన్నాడు.

తర్వాతి గురువారం గుట్టెక్కేసరికి తాత కొత్తగా కళాయి వేసిన చెంబుని వెలుతురుకేసి తిప్పి చూసుకుంటున్నాడు. లోపల తెల్లగా మెరుస్తోంది.

"మునెమ్మ?"

"పనిలోకి వచ్చేసింది తాతా. అధికారి మళ్ళీ వచ్చినాడు, అందరి ముందరా ఆమెని పిలిపించి చెప్పినాడు."

"నీ ఉద్యోగం?"

"పోయింది."

తాత చేతిలో చెంబు ఆగింది. ఓబులేసుకి నవ్వొచ్చింది. వారం రోజుల్లో అదే మొదటి నవ్వు.

"గంగాధరం తీసేసినాడు తాతా. నేను పుస్తకం దాచినందుకు కాదు, దాచినానని చెప్పినందుకు. పోరాడతా, ఊరుకోను."

తాత గంగాళంలో ముంచి, కొత్త చెంబు నిండుగా నీళ్ళు అందించాడు.

"తాగుప్పా. ఈ నీళ్ళు ఖాసింబీ తెచ్చింది."