హార్మోనియం చేరాల్సిన ఊరు

మా బర్నబాసు అయ్యగారి బోధను ఈ భూమ్మీద పూర్తిగా అర్థం చేసుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే. ఈ వాక్యం రాసి ఆయన భార్య అమ్మగారికి చదివి వినిపిస్తే, "పోయిన ఆదివారం ప్రసంగంలో గురక పెట్టింది మరెవరు నాయనా?" అని అడిగారు. కనుక పాఠకులు దాన్ని పట్టించుకోనక్కర్లేదు. ఇక్కణ్ణుంచి రాసేది మాత్రం మెలకువగా ఉండి చూసిందే.

నరసాపురంలో, గోదావరి గట్టుకు కూతవేటు దూరంలో మా వేదపాఠశాల, అంటే బైబిలు నేర్పే బడి. అయ్యగారికి ఒక అలవాటుంది. ప్రశ్న వేస్తే జవాబు చెప్పరు, పని చెబుతారు. నిత్యజీవమంటే ఏమిటని అడిగినవాడు ఆ పూటంతా నూతిలో పూడిక తీశాడు. క్షమించడం ఎలాగని అడిగి, నేను నెల్లాళ్ళు పక్కింటాయన గేదెను కడిగాను. దాంతో మాలో బుద్ధిమంతులందరూ ప్రశ్నలు తగ్గించుకున్నారు. తగ్గించుకోనిది ఫిలేమోను అన్నయ్య ఒక్కడే.

ఫిలేమోను పదకొండేళ్ళుగా అయ్యగారి దగ్గర ఉన్నవాడు. భార్య వినోలియా నర్సు చదివింది. నాలుగేళ్ళ కూతురు ఎస్తేరు. ఆ ఏడు ఆఫ్రికాలోని మలావీ దేశం నుంచి అయ్యగారికొక కబురొచ్చింది. అక్కడ పెద్ద సరస్సు ఒడ్డున ఒక చిన్న సంఘముంది, రెండేళ్ళుగా నడిపించే కాపరి లేడు, ఎవరినైనా పంపగలరా అని. అయ్యగారు ఫిలేమోనును అడిగారు. శనివారంలోగా అవునని చెప్పకపోతే ఆ మందిరానికి తాళం వేసి, ఉన్న కొద్దిమందినీ ఎక్కడో దూరపు సంఘంలో కలిపేస్తారు.

ఫిలేమోనుకు వెళ్ళాలనీ ఉంది, భయమూ ఉంది. మా ప్రార్థన గదిలో బైబిలు వాక్యాలు అచ్చువేసిన వాగ్దాన కార్డుల డబ్బా ఉంటుంది. కొత్త సంవత్సరం రోజున తలా ఒక కార్డు తీసుకుని ఏడాదంతా దాచుకుంటాం. ఈయన రోజుకొకటి చొప్పున తీయడం మొదలుపెట్టాడు. సోమవారం కార్డు లేచి వెళ్ళమంది. మంగళవారం కార్డు ఉన్నచోటే ఉండమంది. బుధవారం కార్డు గొర్రెల గురించి ఏదో చెప్పింది. "అన్నయ్యా, మలావీలో గొర్రెలుంటాయేమో కనుక్కుంటే తేలిపోతుంది కదా" అని నా వంతు సాయం నేను చేశాను. వినోలియా వదిన మాత్రం, "మీ కార్డులన్నీ ఒక మాట మీదికొచ్చేసరికి పాపకు పెళ్ళీడొస్తుందండీ. నేను సూట్‌కేసు దులిపేశాను" అంది.

గురువారం పొద్దున్నే అయ్యగారు వరండాలో కూర్చుని అమ్మగారికి వంకాయలు తరిగిపెడుతున్నారు. ఫిలేమోను వెళ్ళి ఎదురుగా నిలబడ్డాడు.

"అయ్యగారండీ, పంపేది దేవుడేనని ఎలా తెలుస్తుందండీ? అక్కడ ఇల్లెలా ఉంటుందో తెలీదు, భాష తెలీదు, పాపకు జొరమొస్తే ఎటు పరిగెత్తాలో తెలీదు. ముందు దారంతా కనబడితే రేపే బయల్దేరతానండి."

అయ్యగారు వంకాయ ముక్కలు ఉప్పునీళ్ళలో వేసి, "మన పాత హార్మోనియం ఒక ఊరు చేరాలి. ఇవాళే. వినోలియానీ పాపనీ కూడా తీసుకెళ్ళు. పెట్టె రెండో పిడి తీతు పట్టుకుంటాడు" అన్నారు. తీతు అంటే నేనే. ప్రశ్న వేసింది ఆయన, మొయ్యాల్సింది నేను.

"ఏ ఊరండీ?"

"రేవు దాటాక సోడా కొట్టు ఏసుపాదం చెబుతాడు."

"అలాగేనండి" అన్నాడు ఫిలేమోను. చొక్కా మార్చుకుని, పాపను చంకనెత్తుకుని, అయిదు నిమిషాల్లో వీధిలో ఉన్నాడు.

పంటు మీద గోదావరి దాటాం. సోడా కొట్టు ఏసుపాదం మా పెట్టెను చూడగానే, "మలికిపురం సెంటర్లో టైలర్ని అడగమన్నారండి అయ్యగారు" అన్నాడు.

"ఆ తర్వాతండీ?"

"తర్వాత సంగతి నాకెందుకు చెబుతారండీ? నిమ్మకాయ సోడా కొట్టమంటారా?"

మలికిపురం టైలరు పళ్ళమధ్య గుండుసూదులు పెట్టుకుని ఉన్నాడు. అవి తీయకుండానే, ఆటో ఎక్కి కాలవగట్టు చివరిదాకా పోతే చెక్కవంతెన వస్తుందనీ, అక్కడొక మనిషి ఉంటారనీ చెప్పాడు. ఏ మనిషని అడిగితే భుజాలెగరేశాడు. ఆటోవాడు హార్మోనియాన్ని సీటు మీద కూర్చోబెట్టి, నన్ను వెనక డిక్కీలో కూర్చోమన్నాడు. పెట్టె బరువు ఎంత ఉంటుందో నాకు అప్పటికే తెలుసు. విలువ ఎంతో అప్పుడు తెలిసింది.

చెక్కవంతెన దగ్గర ఎవ్వరూ లేరు. ఆటో వెళ్ళిపోయింది. వంతెన కింద పాయలో నీళ్ళు లేవు, బురద మీద పీతలు తిరుగుతున్నాయి. అవతల కనుచూపుమేర మడచెట్లు. గంట గడిచింది. పడమట మబ్బు పట్టింది. పాప నీళ్ళడిగింది, ఉన్న సీసా ఖాళీ అయింది.

"అన్నయ్యా, వెనక్కి పోదాం. అయ్యగారికి డెబ్భై ఏళ్ళు. కబురు పంపడం మర్చిపోయుంటారు" అన్నాను. మామూలుగా నేను వేళాకోళానికి మాట్లాడతాను. ఆ మాట మాత్రం నిజంగా భయపడే అన్నాను.

ఫిలేమోనుకు కోపమొచ్చింది. పదకొండేళ్ళలో ఆయన నా మీద గొంతు పెంచడం అదే మొదలు. "ఏం మాటలురా అవి! పంపింది ఎవరనుకున్నావు? ఇన్నేళ్ళలో ఒక్కసారైనా నడిదారిలో వదిలేశారా? ఊరి పేరు నాకు తెలీకపోతే ఏం, ఆయనకు తెలుసు కదా!"

పెట్టె మీద కూర్చున్న వినోలియా వదిన మెల్లగా తలెత్తింది.

"ఏవండీ, ఆ మాట ఇంకొక్కసారి అనండి."

ఆయన అనబోయాడు. నోరు తెరిచినవాడు తెరిచినట్టే నిలబడిపోయాడు. వదిన కొంగుతో పాప మొహం తుడిచింది. నాకూ ఏదో చమత్కారం నోటిదాకా వచ్చింది గాని, ఆయన మొహం చూసి మింగేశాను.

ఆయన అలా ఉండగానే పాయలో నీళ్ళు కదిలాయి. మొదట పీతల బొరియలు మునిగాయి, తర్వాత బురద మునిగింది, కాసేపటికి వంతెన గుంజలు మోకాలు లోతున తడిశాయి. మలుపు తిరిగి ఒక చిన్న పడవ వచ్చింది. గడ వేస్తున్నది ఒక పెద్దావిడ. దూరం నుంచే కేకేసింది.

"హార్మోనియం వోళ్ళు మీరేనాండీ? పోటు రాందే ఈ పాయలోకి పడవ రాదండి. పొద్దున్నించీ నీళ్ళకోసం చూస్తానే ఉన్నానండి, ఆయ్!"

పడవలో ముప్పావుగంట. మడచెట్లు విడిపోయి ఒక లంక కనబడింది. ఒడ్డున ఊరంతా ఉంది. అది మందిరం కట్టుకుని ఆరేళ్ళయినా హార్మోనియం లేక చేతి తాళాలతోనే పాడుకుంటున్న ఊరట. మేం దిగకముందే పదిమంది బురదలోకి దిగి పెట్టెను నెత్తికెత్తుకున్నారు, పాపను ఎవరో భుజాలకెక్కించుకున్నారు. పాట అక్కడే మొదలైంది. రేకుల మందిరంలో ఫిలేమోను కూర్చుని హార్మోనియం మెట్ల మీద వేళ్ళు పెట్టగానే ముసలీ ముతకా లేచి నిలబడ్డారు. బయట వాన దంచింది, లోపల వాళ్ళు అంతకన్నా గట్టిగా పాడారు. ఆ కప్పు ఎగిరిపోలేదంటే అది కట్టినవాడి గొప్పతనం. ఫిలేమోను పాడుతున్నాడో ఏడుస్తున్నాడో నేను చెప్పలేను, నా కళ్ళూ సరిగ్గా కనబడలేదు.

మర్నాడు పొద్దున్నే పోటుకు బయల్దేరి నరసాపురం చేరాం. అయ్యగారు వరండాలోనే ఉన్నారు. ఫిలేమోను కాళ్ళు కూడా కడుక్కోకుండా వెళ్ళి, "శనివారం దాకా ఎందుకండీ, ఇవాళే రాసెయ్యండి. వస్తున్నామని" అన్నాడు.

"దారి కనబడిందా?"

"లేదండి. పంపినాయన కనబడ్డారు."

అయ్యగారు ఆయన చేతికి మంచినీళ్ళ చెంబు అందించారు.

నాలుగు నెలలకు వాళ్ళు రైలెక్కారు. స్టేషన్‌లో మా సంఘం డప్పులు మోగించింది. లంక నుంచి రెండు పడవల జనం కొబ్బరి బోండాలతో దిగారు. టీసీ గారు ఎవరో మంత్రి ప్రయాణమనుకుని టోపీ సర్దుకున్నారు. మొన్న ఈస్టరు పండక్కి ఫిలేమోను అక్కణ్ణుంచి వీడియో కాల్ చేశాడు. తాళం పడాల్సిన మందిరంలో పట్టక, సరస్సు ఒడ్డున ఇసుకలో కూర్చున్నారు జనం. వినోలియా వదిన పక్కన రంగుల గుడ్డ చుట్టుకున్న ఆడవాళ్ళు నలభై మంది. పాప వాళ్ళ భాషలో ఎవరినో గదమాయిస్తోంది. అంతలో అందరూ పాట ఎత్తుకున్నారు. మాటలు వాళ్ళవి, రాగం మన గోదావరి కీర్తనది. ఇక్కడ మేము లేచి నిలబడి గొంతు కలిపాం. పక్కింటాయన గేదె బెదిరి కట్టు తెంపుకుంది.

ఫోను పెట్టేశాక అందరూ వెళ్ళిపోయారు. నేను మాత్రం అయ్యగారి దగ్గరే ఉండిపోయాను. ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది, చెప్పేస్తాను. మలావీ వెళ్ళమని అయ్యగారు మొదట అడిగింది ఫిలేమోనును కాదు, నన్ను. పక్కన కూర్చోబెట్టుకుని మ్యాపు విప్పారు. ఉండబోయే ఇంటి ఫోటో చూపించారు. ఆసుపత్రి ఎంత దూరమో, కూరగాయల సంత ఏ వారమో, భాష నేర్పే మాస్టారి పేరేమిటో, అన్నీ చెప్పారు. అంతా విని, మా అమ్మకు మోకాళ్ళ నొప్పులని చెప్పి తప్పించుకున్నాను. మా అమ్మ ఇప్పటికీ బియ్యం బస్తా మేడ మీదికి ఒంటిచేత్తో ఈడుస్తుంది. ఫిలేమోను అవునన్నాకే ఆ కాగితాలు ఆయనకు చేరాయి.

"అయ్యగారండీ, అన్నయ్య అంత బెంగపడుతుంటే ఆ మ్యాపూ ఫోటోలూ ముందే చూపించలేకపోయారా?" అని అడిగాను.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"నీకు చూపించాను కదరా తీతూ. అందుకే వాడికి చూపించలేదు."